కన్యక ఏం చదువుతోంది?

తిరువూరు మెయిన్ రోడ్డులో దశరథరామయ్య గారి ఎరువుల కొట్టు తెలియని రైతు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన కూతురు కన్యక ఆస్ట్రేలియాలో ఎమ్మెస్ చదువుతోందన్న సంగతీ అలాగే అందరికీ తెలుసు. అది నిజం కాదని మాత్రం ఇంట్లో వాళ్ళకే తెలుసు.

కన్యక విజయవాడలో బీకాం చేసింది. ఆ తర్వాత కొంతకాలం కొట్లోనే బిల్లులు రాసింది. ఒకరోజు మెల్‌బోర్న్‌లోని ఒక వృత్తి విద్యా కాలేజీకి దరఖాస్తు పెట్టింది. కోర్సు పసిపిల్లల సంరక్షణ. పాలు తాగే బిడ్డ మొదలు బడి ఈడు పిల్లల దాకా పగలంతా చూసుకునే కేంద్రాలు అక్కడ వీధికొకటి ఉంటాయి. వాటిలో పనిచేయాలంటే ఆ డిప్లొమా కావాలి. ఆమె బయల్దేరినప్పుడు దశరథరామయ్య నలుగురికీ "పైచదువు" అని చెప్పారు. పైచదువంటే ఊరికి ఎమ్మెస్సే. ఆయన అబద్ధం ఆడలేదు. ఎదుటివాళ్ళు ఆడిన అబద్ధానికి తలూపారు, అంతే.

మొదటి రోజుల్లో కన్యకకు అక్కడ అన్నీ ఎదురుదెబ్బలే. రెండేళ్ళ పిల్లాడు అన్నం తిననంటే పళ్ళెం పట్టుకుని వాడి వెనక గదంతా తిరిగింది. మన ఇళ్ళల్లో అందరూ చేసే పనే. శిక్షణ ఇచ్చే ఆవిడ ఆ పళ్ళెం తీసుకుని బల్ల మీద పెట్టేసింది. ఆకలేస్తే వాడే వస్తాడు, వాడి పొట్ట సంగతి నీకంటే వాడికే బాగా తెలుసంది. కన్యకకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అయినా మానలేదు. కొరికిన పిల్లనూ కొరికించుకున్న పిల్లనూ ఒకేసారి ఎత్తుకోవడం, నిద్రపోతున్న పసివాళ్ళ ఊపిరి గమనిస్తూ కూర్చోవడం నేర్చుకుంది. ఆ పనిలో తనకు ఒడుపుందని మొదటి ఏడాది చివర్లో తెలిసింది. అంతకు ముందు దేనిలోనూ ఒడుపుందని ఆమెకెవరూ చెప్పలేదు.

మొన్న వేసవి చివర్లో తల్లి బాలామణికి మోకాలి ఆపరేషన్ జరిగితే చూసుకోవడానికి వచ్చింది. ఇక ఆఖరి శిక్షణ ఒక్కటే మిగిలింది. పిల్లల కేంద్రంలో పనిచేసి చూపించాలి. చెప్పిన తేదీకి వెళ్ళకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. వచ్చిన రోజే తండ్రి ఆమె పాస్‌పోర్టు తీసుకెళ్ళి కొట్లో ఇనప్పెట్టెలో పెట్టారు. "ఇంట్లోకి పదిమంది వచ్చిపోతుంటారు. అక్కడైతే భద్రం" అన్నారు. కన్యక అనుమానించలేదు.

ఆ తర్వాతి ఆదివారం వాళ్ళ కులసంఘం కల్యాణ మండపంలో వధూవరుల పరిచయ వేదిక పెట్టింది. పెళ్ళికి ఎదిగిన పిల్లలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి పేరు, గోత్రం, చదువు, ఉద్యోగం చెబుతారు. అందరికీ నంబరు బిళ్ళలు గుచ్చుతారు. కింద కూర్చున్న పెద్దలు నచ్చిన నంబర్లు రాసుకుంటారు. మైకు కన్యక మేనమామ మురళీకృష్ణ చేతిలో ఉంది.

"తరవాత మా మేనకోడలు కన్యక. మెల్‌బోర్న్‌లో ఎమ్మెస్!" అని ఆయనే ముందుగా చప్పట్లు మొదలుపెట్టాడు.

కన్యక మైకు అందుకుంది. "నమస్కారమండి. ఎమ్మెస్ కాదండి. పసిపిల్లల్ని చూసుకునే కోర్సు. డిప్లొమా. చివరికొచ్చింది."

వెనక వరసలోంచి ఎవరో అడిగారు. "అంటే ఆయమ్మా?"

"ఆయమ్మేనండి. అక్కడ ఆయమ్మ అవ్వాలన్నా చదువుకోవాలి."

ముందు వరసలో బట్టల కొట్టు నాగలత నోటికి పైట అడ్డం పెట్టుకుంది. "అయితే ముడ్లు కూడా కడుగుతావుటే?"

"కడుగుతాను పిన్నీ. ఇక్కడ మీరందరూ ఊరికే కడిగారు. అక్కడ జీతమిస్తారు."

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దగా నవ్వులు. మురళీకృష్ణ మైకు లాక్కుని తర్వాతి నంబరు పిలిచాడు. మూడో వరసలో ఒకాయన తన కాగితం మీద ఒక నంబరు కొట్టేయడం కన్యకకు స్టేజీ మీదికే కనిపించింది.

ఇంటికొచ్చాక దశరథరామయ్య చెప్పులు విడవకుండానే మొదలుపెట్టారు.

"నిన్నెవరు మాట్లాడమన్నారు? మావయ్య చెప్పాడుగా. నమస్కారం పెట్టి దిగితే నీ సొమ్మేం పోయింది?"

"నా చదువు నేను చెప్పుకున్నాను నాన్నగారూ."

"చదువంట! షావుకారు కూతురు దేశంకాని దేశంలో ఎవరి పిల్లలకో దొడ్డి కడుగుతోందని ఊరంతా చెప్పుకుంటుంటే నేను వినాలా?"

మంచం మీంచి బాలామణి మూలిగింది. "మోకాలికిచ్చిన మత్తుమందు చెవులకి కూడా ఇచ్చుంటే హాయిగా ఉండేది."

"సంబంధం కుదరనీ. పాస్‌పోర్టు సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు దశరథరామయ్య.

కన్యకకు అప్పుడర్థమైంది ఇనప్పెట్టె ఎందుకో.

"నాన్నగారూ, ఎనిమిది నెలల బిడ్డకి గుడ్డ మార్చాలన్నా ముందు ఆ బిడ్డతో చెప్పాలి. అది మన మొహంలోకి చూసేదాకా ఆగాలి. ఆ తరవాతే చెయ్యి వెయ్యాలి. మాకక్కడ మొదట నేర్పింది అదే. ఇరవయ్యారేళ్ళదాన్ని. నా పాస్‌పోర్టుకి తాళం వేసేముందు నన్నడిగారా మీరు?"

"అడగను. తండ్రిని."

"సరే" అంది కన్యక.

మర్నాడు కొట్టు తెరిచే వేళకు ఆమె అక్కడుంది. పత్తి గింజలకు అదను. తొలకరి పడటంతో వినగడప నుంచి, విస్సన్నపేట వైపు నుంచి రైతులు ఆటోలు దిగుతున్నారు. కన్యక ఇనప్పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పాత అలవాటు ప్రకారం ప్రతివాడూ పలకరించాడు. ఏం చదువుతున్నారమ్మా అని అడిగిన ప్రతివాడికీ ఆమె గొంతు తగ్గించకుండా పూర్తిగా చెప్పింది.

"లోపలికి పోవే" అన్నారు తండ్రి పళ్ళ బిగువున.

"పాస్‌పోర్టివ్వండి, పోతాను."

వినగడప కౌలు రైతు లాజరు ఆ కొట్టుకు పాత ఖాతాదారు. అతను అంతా విని తల గోక్కున్నాడు. "మా రిబ్కా అంగనవాడీలో అదేగదండీ చేసుద్ది. దానికి చదువెందుకండీ? ఇద్దర్ని కంటే అదే వచ్చుద్ది."

"కన్నవాళ్ళందరికీ పెంచటం వస్తే ఇంకేం బాబాయ్" అంది కన్యక.

లాజరు కిసుక్కుమన్నాడు. దశరథరామయ్య పురుగుమందు డబ్బాల వరస సర్దడానికి అటు తిరిగారు.

అలా ఆ వారమంతా సాగింది. కూతుర్ని చెయ్యి పట్టి లేపుదామంటే ఎదురుగా బేరాలు. కొట్టు మూసుకుందామంటే అదను దాటిపోతుంది. ఆమె తిరుగు ప్రయాణం మాత్రం దగ్గరపడుతోంది.

శుక్రవారం మురళీకృష్ణ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఖమ్మం వాళ్ళకి నువ్వు నచ్చావే. ఆ రోజు హాల్లో లేరు, ఫొటో చూశారు. అబ్బాయిది కూడా ఆస్ట్రేలియాలోనే, సిడ్నీలో ఉద్యోగం. ఎమ్మెస్ అనే అనుకుంటున్నారు, అననీ. నువ్వు ఊఁ అను, పాస్‌పోర్టు ఈ పూటే ఇప్పిస్తాను. వెళ్ళి నీ డిప్లొమా చేసుకో. ఎవరు చూడొచ్చారు?"

కొట్లో ఉన్నవాళ్ళు గింజల ప్యాకెట్లు చేతుల్లో పట్టుకుని ఆగిపోయారు. వెళ్ళాలన్నదే కన్యక కోరిక. ఆ దారి ఇప్పుడు ఎదురుగా తెరిచి ఉంది.

"ఆ అబ్బాయితో కాపురం చేస్తూ పొద్దున పోయి సాయంత్రం వస్తే, ఏం చేసొచ్చావని అడుగుతాడుగా మావయ్యా? రోజూ ఏం చెప్పను?"

"రోజూ ఎవడడుగుతాడే పెళ్ళాన్ని!"

"అడగనివాడైతే నాకసలే వద్దు."

"బావా, నువ్వన్నా చెప్పు!" మురళీకృష్ణ దశరథరామయ్య వైపు తిరిగాడు. "దీని మొండితనం చూడు. ఒక్క మాట! ఒక్క మాటకి ఇంత పట్టుదలేంటి?"

"ఒక్క మాటేగా, మీరే మార్చుకోండి" అంది కన్యక. "ఖమ్మం వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడూ నచ్చితే మాట్లాడతాను."

మురళీకృష్ణ చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు నోరు విప్పింది, ఆ పూట మళ్ళీ గింజలకొచ్చిన లాజరు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"అయ్యా, అమ్మాయిగారి కాగితాలు పెట్టెలో పెట్టి తాళమేశారంటగదా? మా ఊళ్ళో అనుకుంటన్నారు. బాకీ పెట్టిన రైతువి పెడతారని విన్నాగానీ, కన్నకూతురివి పెట్టారంటే నమ్మబుద్ధి కాలా."

కూతురు చేసే పని కంటే తండ్రి చేసిన పని ముందుగా వినగడప చేరిందని దశరథరామయ్యకు అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా కొట్లో కూర్చున్న మనిషి. ఏ మాటకు ఎంత నష్టమో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. మొలలో తాళంచెవులు తీసి, ఇనప్పెట్టె తెరిచి, పాస్‌పోర్టు కౌంటరు మీద పడేశారు.

"తీసుకో. పో. రేపు జనం అడిగితే నేనేం చెప్పుకోవాలి?"

"నేను చెప్పేశానుగా నాన్నగారూ. మీకా పని తప్పింది."

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. పాస్‌పోర్టు తీసుకుని, స్టూలు దాని చోట పెట్టి, ఇంటికి పోయి తల్లికి మోకాలి కట్టు మార్చింది. నాలుగు రోజుల తర్వాత విజయవాడ బస్సెక్కింది. బస్టాండుకు తండ్రి రాలేదు. కర్ర ఊతంతో తల్లి వచ్చింది. అక్కడి చలి గురించి తప్ప వాళ్ళు ఇంకేమీ మాట్లాడుకోలేదు.

కన్యక ఇప్పుడు మెల్‌బోర్న్‌లో పాలు తాగే పిల్లల గదిలో ఆఖరి శిక్షణ చేస్తోంది. ఖమ్మం వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం మురళీకృష్ణకు ఇంకా రాలేదు. దశరథరామయ్య కూతురికి ఫోన్ చేయరు. తల్లి చేసినప్పుడు పక్క గదిలో టీవీ గొంతు తగ్గిస్తారు.

కొట్లో కొత్త రైతు ఎవరైనా అమ్మాయి ఎమ్మెస్ చదువుతోందటగా అంటే, "ఎమ్మెస్ కాదు" అంటారాయన. మరేంటని అడిగేలోపు, "గింజలేనా, ఇంకేమన్నా కావాలా?" అని బిల్లు పుస్తకం ముందుకు లాక్కుంటారు.