ఆరని ఎర్ర దీపం

మరిపెడలో బాబామియాకు ఆటో ఎలక్ట్రిక్ షాపు ఉందని చెప్పుకోవడమే గానీ, ఉన్నదల్లా రెండు రేకుల కింద ఒక స్టూలు. అంబాసిడర్లు ఊరూరా తిరిగిన రోజుల్లో ఆ స్టూలు ముందు బండ్లు వరస కట్టేవి. ఇప్పుడు కొత్త కార్లకు కంప్యూటర్ పెట్టి చూస్తున్నారు. బాబామియా వైపు తొంగి చూసేవాడు లేడు. మిగిలింది తండా డ్రైవర్ ప్రేమ్‌సింగ్ పెట్రోలు అంబాసిడర్ ఒక్కటే. దాన్ని చావనివ్వకుండా ఇద్దరూ కలిసి లాక్కొస్తున్నారు.

ఆ బండికి తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగాలి. ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. ఆరిందంటే డైనమో, అదే ఆల్టర్నేటర్, బ్యాటరీని నింపుతున్నట్టు. ఈ సంగతి డ్రైవర్లకు నూరిపోయడంతోనే బాబామియా జీవితం సగం గడిచిపోయింది. "ఎర్రది ఆరకుంటే బండి కదలనియ్యకు బేటా" అన్న మాట వినని డ్రైవర్ ఆ చుట్టుపక్కల లేడు. ఇంట్లో భార్య జోహరాబీ కూడా ఆ మాట పట్టుకుని ఆటపట్టించేది. ఆమె నోటికి నిద్రలో తప్ప విరామం లేదు. అతను పైకి విసుక్కునేవాడే గానీ, ఆ మాటలు వినపడకపోతే ముద్ద దిగేది కాదు.

ఆ వానాకాలం ప్రేమ్‌సింగ్ బండిలో ఎర్ర బల్బు కాలిపోయింది. అలాంటి బల్బు కోసం ఖమ్మం దాకా వెతికించినా దొరకలేదు. చివరికి బాబామియా ఒక చిన్న ఎల్ఈడీ పెట్టాడు. తాళం తిప్పితే భగ్గున వెలిగింది. ఇద్దరికీ ముచ్చటేసింది. ఇంజన్ స్టార్టయ్యాక కొంచెం మందగించింది గానీ ఆరలేదు.

"చాచా, గిది ఆరుతలేదేంది?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"ఎల్ఈడీ గట్లనే ఉంటది. మా ఇంట్ల బల్బు సూడు, స్విచ్ బంద్ జేసినా మిణుక్కుమంటనే ఉంటది. జర కరెంటు లీకైనా దానికి సాలు. నువ్వు పరేషాన్ కాకు."

చార్జింగ్ వస్తోందో లేదో మీటరు పెట్టి చూస్తే సరిపోయేది. చూడలేదు. ఇన్నేళ్లుగా తప్పని చేయి కదా, తనకు తెలియనిదేముందన్న ధీమా.

రెండు రోజులకే, ముసురు పట్టిన పొద్దున, రొట్టెలు కాలుస్తున్న జోహరాబీ మాట మధ్యలో ఆగిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చేయి వేలాడిపోయింది. ఊరి డాక్టరు చూసి, క్షణం ఆలస్యం చేయకుండా వరంగల్ తీసుకుపొమ్మన్నాడు. ప్రేమ్‌సింగ్ బండి షాపు ముందే ఉంది. బాబామియాకు ఇంకో బండి మీద నమ్మకం ఎక్కడిది? పక్కింటి యాకమ్మ ఒళ్లో ఆమె తల పెట్టి వెనక పడుకోబెట్టారు. అతను ముందు కూర్చున్నాడు.

దారి పొడుగునా ఆ ఎర్ర దీపం అతని కళ్లెదుటే వెలుగుతోంది. వానకు హెడ్‌లైట్లు వేశారు, వైపర్లు ఆడుతున్నాయి. తొర్రూరు దాటాక వైపర్లు ఈడ్చుకుంటూ కదిలాయి. హారన్ గొంతు పూడింది. ఇంజన్ రెండు మూడు కుదుపులు కుదిపి, పొలాల మధ్య ఆగిపోయింది. బ్యాటరీలో ప్రాణం లేదు. నెట్టినా లాభం లేదని తెలిసీ ఇద్దరూ నెట్టారు. చేతులెత్తి మొక్కినా ఆ వానలో ఒక్క కారూ ఆగలేదు. ఎంతసేపటికో ఎరువుల బస్తాల వ్యాను ఒకటి ఆగింది.

"జర ముందుగాల తెస్తే ఇంజెక్షన్ పనిజేసేది" అన్నాడు దవాఖానలో డాక్టరు. ప్రాణం దక్కింది. మాట పోయింది.

ఆమెను ఇంటికి తెచ్చాక బాబామియా షాపుకు వెళ్లి, ప్రేమ్‌సింగ్ లాగించుకొచ్చిన బండికి చార్జింగ్ పెట్టిన బ్యాటరీ బిగించాడు. ఎందుకో అనుమానం వచ్చి, తన పాతరకం టెస్ట్ బల్బు తీగలను ఎల్ఈడీకి పక్కన కలిపాడు. ఇంజన్ అందుకోగానే రెండు దీపాలూ చప్పున ఆరిపోయాయి. పాత బల్బు గుండా పోయే కరెంటే డైనమోను నిద్రలేపేది. బల్బు కాలితే చార్జింగ్ రాదని తనే ఎందరికి చెప్పాడో! ఎల్ఈడీ వెలగడానికి చిటికెడు కరెంటు చాలు. ఆ చిటికెడుకు డైనమో లేవదు. దీపం వెలిగింది కదా అని అక్కడితో ఆలోచన ఆపేశాడు. పాపం, ఆ దీపం దారంతా నిజమే చెప్పింది. నమ్మొద్దన్నది తను.

"నీ తప్పేం లేదు చాచా, బ్యాటరీ పాతది" అన్నాడు ప్రేమ్‌సింగ్. ఆ మంచితనాన్ని బాబామియా భరించలేకపోయాడు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని, తమ ఇంటి భాష ఉర్దూలో, ఏదీ దాచకుండా జోహరాబీకి చెప్పేశాడు. బండి ఆగింది తన చేతి పని వల్లనేనని కూడా చెప్పాడు.

ఆమె అతని వైపు తల తిప్పింది. పెదాలు కదిలి ఏదో శబ్దం వచ్చింది. చెవి దగ్గరపెట్టి విన్నాడు. తిట్టిందో, ఊరుకోమందో తెలియలేదు. మళ్లీ చెప్పమని బతిమాలాడు. మళ్లీ అదే శబ్దం, ఈసారి కన్నీళ్లతో. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మాట సగంలో ఉండగానే మిగతా సగం అతనికి తెలిసిపోయేది. ఈ ఒక్క మాట మాత్రం, ఇక ఎన్నాళ్లు బతికినా, అతనికి తెలిసే దారి లేదు.