యాదగిరి అన్న కొలిచిన బోర్లు

నిన్న పొద్దున పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులో ఉండగా యాదగిరి అన్న కూతురు ఫోన్ చేసింది.
"అంకుల్, నాన్న పోయిండు."
ఏ హాస్పిటల్ అని అడిగాను. ఇంట్లోనే, నిద్రలోనే అంది.
నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

సాయంత్రానికి అంత్యక్రియలు అయిపోయాయి.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. అన్న ఎర్రమంజిల్‌లో ఒక గవర్నమెంట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం స్కూటర్ మీద అమీర్‌పేట, శ్రీనగర్ కాలనీ అపార్ట్‌మెంట్లు తిరిగాడు. బోరులోకి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసుకునేవాడు.
ఎవరూ అడగలేదు. ఆయనకే తెలుసుకోవాలని.

నేను కాలేజీలో జియాలజీ చెప్తాను. ఆ నోట్‌బుక్‌లు చూసి, వీటిని డేటా పేపర్‌గా పబ్లిష్ చేద్దామన్నాను.
"నేనేం కనిపెట్టిన్నని ఏస్తరు?" అన్నాడు.
కనిపెట్టక్కర్లేదు, ఎలా కొలిచావో రాసి డేటా ఇస్తే అదే ఆర్టికల్, వాడుకున్నవాళ్లు నీ పేరు చెప్పాలి అన్నాను.

రాసి పంపాక జర్నల్ వాళ్లు ఒక ప్రశ్న అడిగారు. టేపును ఎప్పుడైనా సరిచూశారా అని.
అన్న కొత్త టేపు కొని పక్కన పెట్టి చూశాడు. పాతదానికి మొదట్లో జానెడు ముక్క లేదు. ఎప్పుడో తెగితే, మిగిలిన చివరకే బరువు కట్టేశాడు. ఆ సంగతే మర్చిపోయాడు.

అన్ని కొలతల్లోంచీ జానెడు తీసేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాను. నా ప్రమోషన్‌కి ఆ పేపర్ కావాలి.
అన్న ఒప్పుకోలేదు.
"ఎప్పటిసంది తెగిందో నాకే ఎర్కలేదు. ఎర్కలేదనే రాయి తమ్మీ."

రెండు వారాలు ఆయన ఫోన్ ఎత్తలేదు నేను.
చివరికి ఆయన చెప్పినట్టే ఒక పేరా రాశాను. లేటయింది గానీ తీసుకున్నారు.
ప్రింట్ ఇస్తే తన పేరు మీద వేలు పెట్టి, "మస్తు చిన్నగ ఏసిండ్రు" అన్నాడు. తర్వాత టేపు పేరా ఎక్కడుందో చూపించమన్నాడు.

పోయిన నెల వరంగల్ నుంచి ఒక స్టూడెంట్ మెయిల్ పెట్టింది. తన ప్రాజెక్టులో ఈ డేటా వాడిందట. తప్పును ఒప్పుకున్న పేరా చదివాకే నమ్మకం కుదిరిందని రాసింది.
అన్నకు చదివి వినిపించాను.
"పోరి పాసైందా?" అన్నాడు.
కనుక్కుని చెప్తానన్నాను. ఇంకా అడగలేదు.

ఈరోజు అడుగుతాను.

ఉంటాను అన్నా. నెమ్మదిగా, ఏ ఫికర్ లేకుండా నిద్రపో.