బాపు నడిపిన డెన్మార్క్ జట్టు

పోయిన వారం ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో మందుల పెట్టెలు తూకానికి పెడుతుంటే ఒకదాని మీద డెన్మార్క్‌లోని ఒక చిన్న రేవు ఊరి పేరు కనబడింది, ఇక ఆ పూటంతా నాకు పని మీద మనసు నిలవలేదు. ఆ ఊరికి నేనెప్పుడూ పోలేదు, పోయేదీ లేదు, కానీ ఒకప్పుడు ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును నేనూ మా బాపూ కలిసి నడిపాం, శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి ముందు గదిలో, టీవీ ఎదురుగా కూర్చుని. వీడియో గేమ్ అనగానే పిల్లల యవ్వారం అనుకునే వయసు మనది, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

కొత్వాల్‌గూడ దగ్గరి మా పొలం ఇళ్ళ ప్లాట్ల వెంచర్ కింద అమ్ముడుపోయిన ఏడాది అది. చిన్నాయనలు సంతకాలు పెట్టారు, ఒక్కడినే అడ్డం పడడమెందుకని బాపు కూడా పెట్టాడు. ఆ తర్వాత మనిషి కాలు కాలిన పిల్లి అయిపోయాడు. పొద్దున చాయ్ తాగడం, చెప్పులేసుకోవడం, పోయి ఆ వెంచర్ గోడ పక్కన నిలబడడం. లోపల ఏముంది, రాళ్ళు పాతిన ప్లాట్లు తప్ప? ఒకరోజు పరధ్యానంగా హైవే దాటుతుంటే లారీ తగిలి చెయ్యి విరిగింది. దవాఖాన నుంచి తెచ్చాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది. “మీ బాపును ఎట్లన్న జేసి ఇంట్ల కూసోబెట్టు బిడ్డా, లేకుంటే మనిషి దక్కడు” అన్నది.

చెప్పినంత తేలికా? టీవీలో సీరియల్ పెడితే లేచిపోయేవాడు, పేకాట రాదు. నాకు రాత్రి డ్యూటీలు గనుక పగలు ఇంట్లోనే ఉండేవాణ్ణి, తమ్ముడు బెంగళూరు పోతూ వదిలేసిన గేమ్ మిషన్ ముందు నా పొద్దు గడిచేది. అందులో కెరీర్ మోడ్ అని ఉండేది. అంటే మనం ఆడే కుర్రాళ్ళం కాదు, జట్టుకు మేనేజర్లం; ఎవరిని దింపాలి, ఎవరిని కొనాలి, ఎవరిని పంపించాలి, అంతా మనదే, ఏళ్ళకేళ్ళు సాగుతుంది. పేరున్న జట్లు అందరూ తీసుకుంటారు, నాది వంకర బుద్ధి, డెన్మార్క్‌లో అడుగున పడున్న ఆ రేవు ఊరి జట్టును ఏరుకున్నాను. కట్టు కట్టిన చేతితో పక్కన కూర్చున్న బాపు కొన్నాళ్ళు గోడకేసి చూసి, ఒకరోజు ఉండబట్టలేక, తెర మీద ఒక్కొక్క ఆటగాడి కింద తగ్గుతూపోయే ఆ గీత ఏందని అడిగాడు. ఓపిక అన్నాను. “మరి ఓపిక ఒడిసినోన్ని ఇంకా ఎందుకు ఉరికిస్తున్నవు, ఎద్దయితే పడిపోవు?” అని కసిరాడు. ఆ రోజు నుంచి మేనేజర్ ఆయన, మీటలు నొక్కే జీతగాణ్ణి నేను.

ఆయన పద్ధతులు ఆయనవి. డెన్మార్క్‌లో చలికాలం మూడు నెలలు ఆటలు ఆపేస్తారంటే, భూమికి విశ్రాంతి ఉండాలె, తెలివిగల్లోళ్ళే అని మెచ్చుకున్నాడు. అయితే మన గోడ మీది క్యాలెండర్లో అమావాస్య వచ్చిందంటే పొలంలో ఎడ్లకు లాగే ఇక్కడ కూడా అరక కట్టనివ్వడు, మంచి ఆటగాళ్ళందరికీ సెలవు. నేను ఎంత మొత్తుకున్నా వినక, పెద్ద జట్టుతో పోటీకి బెంచీ మీది పిల్లల్ని దింపించాడు. చిత్తుగా ఓడాం. క్లబ్బు యజమానులు కోపంగా సందేశం పంపిస్తే చదివి వినిపించాను, పండగకు పబ్బానికి ఎడ్లను కొట్టేటోళ్ళు బాగుపడరు అన్నాడు, అంతే.

అకాడమీ నుంచి వచ్చిన ఒక సన్నపాటి కుర్రాడంటే ఆయనకు ప్రాణం. పొడుగోడు అని పిలిచేవాడు. వాణ్ణి మెల్లమెల్లగా, ఒక్కో ఆటలో కాసేపు దింపుతూ, నారు పెంచినట్టు పెంచాడు. ఒప్పందం రాసుకునేటప్పుడు వాడి తరఫువాళ్ళు ఒక షరతు పెట్టారు: ఇంత సొమ్ము ఎవరు కట్టినా, మనల్ని అడగకుండానే వాణ్ణి తీసుకుపోవచ్చు. వద్దంటే వాడు ఉండడు. కానీయ్, మారుమూల జట్టు కాడికి ఎవడొస్తడు అన్నాడు బాపు. ఆయన చేతి కట్టు విప్పారు, ఆయన మాత్రం గడప దాటలేదు, అమ్మ ముఖంలోకి కళ వచ్చింది.

ఒకరోజు సందేశం వచ్చింది, పెద్ద జట్టు ఒకటి సొమ్ము కట్టేసింది, పొడుగోడు పోయాడు. బాపు తెర వంక చూస్తూ, “మనల్ని అడగలె?” అన్నాడు. నాకు భయం వేసింది, మళ్ళీ ఆ రోడ్డు, ఆ గోడ. వాడు పోకముందటి ఆట మిషన్‌లో దాచి ఉంది బాపూ, అందులో వాడింకా మన దగ్గరే ఉన్నాడు, వెనక్కి తెస్తాను అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఎట్లా చెప్పను? “మల్ల తేవొచ్చునా” అని రెండుసార్లు అడిగాడు. తెచ్చాను. ఈసారి ఆ పెద్ద జట్టు రాలేదు. పొడుగోడు మైదానంలోకి దిగాడు, చక్కటి గోలు కూడా కొట్టాడు. బాపు చప్పట్లు కొట్టలేదు. చాలాసేపు చూసి, “వాడు గాదు బిడ్డా వీడు. పోయినోడు పోయిండు” అన్నాడు.

తెల్లారి బాపు చెప్పులేసుకుంటుంటే అమ్మ కెవ్వుమన్నంత పని చేసింది. నేను వెంట పడ్డాను. ఆయన గోడ వైపు తిరగలేదు, బస్టాండుకు పోయాడు. “కందుకూరుల మీ మామది చెల్క పడావు పడ్డది గద, కౌలుకిస్తడేమో అడిగొస్త. నువ్వు ఇంటికి పో, జర నిద్రపో” అన్నాడు. మామ ఆ బీడు చేను కౌలుకిచ్చాడు. నెల తిరక్కుండా అమ్మనూ తీసుకుపోయాడు. కాళ్ళు సాగినన్నాళ్ళు అక్కడ జొన్నలు, కందులు వేశాడు, పోయేదాకా ఆ వెంచర్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఆటలు ఫోన్లలోనే ఉన్నాయి, చాయ్ చల్లారేలోపు ఏడాది పోటీలు గడిపేయొచ్చని మా పిల్లలు అంటారు, ఓడితే వెనక్కి పోవడం కూడా ఒక్క మీట పని. సెలవు రోజున నేనూ ఒక జట్టును తీసుకుంటాను, ఆట సగంలో లేచి గుమ్మం దాకా పోతాను, ఎవరో పిలిచినట్టు వెనక్కి వస్తాను. బాపును ఇంట్లో కూర్చోబెట్టమని అమ్మ అడిగితే మొదలైన ఆట ఇది. ఆయన కుదురు ఆయన వెతుక్కుని లేచి వెళ్ళాడు, ఇంట్లో కూర్చోలేని మనిషిని ఇప్పుడు నేను.