ఎవరూ పంపని రిపోర్ట్

దెయ్యాలనూ మహిమలనూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని. నేను రాసింది తప్పు చేస్తే, ఎక్కడ చేసిందో పట్టుకోగలను. పట్టుకోలేకపోయింది ఇదొక్కటే.

గిద్దలూరులో మా ఇంటికి దగ్గరలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబ్‌కు ప్రోగ్రాం రాసిచ్చాను. రక్తపరీక్ష మెషిన్ల నుంచి వచ్చే ఫలితాలను అందులో ఒక భాగం వరుసలో పెడుతుంది. ఇంకో భాగం ముందొచ్చినదాన్ని ముందు తీసి ప్రింటర్‌కు పంపుతుంది. వరుస నిండితే పెట్టేది ఆగాలి. ఖాళీ అయితే తీసేది నిద్రపోవాలి, అంటే పని ఆపి ఎదురుచూడాలి. కొత్త ఫలితం రాగానే పెట్టేది దాన్ని లేపాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ల్యాబ్ టెక్నీషియన్ రమణమ్మక్క ఫోన్ చేసింది.

"పాపా, ప్రింటర్ ఆపి మళ్లా వేసినా. అయినా కాగితం రాలేదు. జనం మీద పడతాండారు, నువ్వు రా."

వెళ్లి చూశాను. లేపే పిలుపు మధ్యలో తప్పిపోయింది. తీసేది ఆ పిలుపు కోసం నిద్రలో ఉంది. వరుస నిండి, పెట్టేది చోటు కోసం ఆగి ఉంది. ఈ పనిలో ఇది మామూలే. తీసే భాగాన్ని పూర్తిగా ఆపేసి సరిచేయడానికి కూర్చున్నాను.

కొమరోలు వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేడం, మాయమ్మ సరిగా పలకడంల్యా. కాగితం రానీ అంటాండాడు డాక్టరు. ఎంతసేపు పడతాది?"

"కాసేపే అన్నా" అన్నాను. ఇంకా టైప్ చేస్తూనే ఉన్నాను. ప్రింటర్ కదిలింది. ఒక్క కాగితం వచ్చి ఆగిపోయింది.

రమణమ్మక్క అందుకుని చూసింది. "ఈయన వాళ్లమ్మదే! పొటాషియం సూడు, ఎంత పెరిగిందో!" అంటూ డాక్టరు గదికి పరుగెత్తింది.

తిరిగొచ్చి, "బాగైంది కదా పాపా" అంది.

"లేదక్కా. తీసేదాన్ని ఇంకా నడిపించనే లేదు."

సరిచేసి నడిపించాక మిగతా కాగితాలన్నీ వరుసగా వచ్చాయి. కాపరి వాళ్లమ్మకు ముందు రక్తం ఇచ్చినవాళ్లవీ వచ్చాయి, తర్వాత ఇచ్చినవాళ్లవీ వచ్చాయి. ఆమెది మాత్రం మళ్లీ రాలేదు. వరుస మధ్యలోంచి దాన్నొక్కదాన్నే ఎవరో తీసినట్టుంది. మధ్యలోంచి తీసే దారి నేను రాయనే లేదు. రమణమ్మక్క ప్రింటర్ ఆపి మళ్లీ వేసింది కాబట్టి అందులో పాతదేదీ మిగలదు. తర్వాత అదే తప్పును మా ఇంట్లో కావాలని ఎన్నోసార్లు చేసి చూశాను. ప్రతిసారీ నిద్రపోయిన భాగం నిద్రలోనే ఉండిపోయింది.

ఆ కాగితం ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు చెప్పాడు. అక్కడే ఇంజెక్షన్లు మొదలుపెట్టి నంద్యాలకు పంపారు. ఆమె బతికింది.

కొన్నాళ్లకు నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఆమె కొడుకు వచ్చి నాకు దండం పెట్టాడు.

"మాయమ్మ లేసి తిరుగుతాంది మేడం. మీరు కాగితం పంపబట్టి."

"నేను పంపలేదన్నా" అన్నాను. అది వినయం కాదు, నిజం.

"మరి ఎవురు పంపినారు మేడం?"

నా ప్రోగ్రాములో ప్రతి లైనుకూ నేను జవాబు చెప్పగలను. ఆ కాగితాన్ని పంపిన లైను కోసం మాత్రం ఇప్పటికీ వెతుకుతున్నాను.