మాకంటే ముందొచ్చే జీపు

ముప్పయ్యేళ్లు ఎలిమెంటరీ స్కూళ్లలో పాఠాలు చెప్పినదాన్ని నేను. పలక వెనక దాచిన చింతకాయ దగ్గర్నుంచి పక్కవాడి నోట్సులో చూసి దింపిన లెక్క దాకా నా కళ్లు కప్పి పోయినవి తక్కువ. తప్పు చేసినవాడు నోరు తెరవకముందే వాడి చెవులు ఎర్రబడి ఒప్పేసుకుంటాయని స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పేదాన్ని. రిటైరైనా ఆ ధీమా పోలేదు. అందుకే మా ఆరిళ్లలో ఎవరో ఒకరు ఇంటిగుట్టు బయటపెడుతున్నారని తేలినప్పుడు, ఆ మనిషిని పట్టుకోవడానికి నాకు వారం చాలనుకున్నాను. వారంలోనే పట్టుకున్నాను కూడా. ఎట్లా పట్టుకున్నానో చెప్పుకోవడానికే కాస్త సిగ్గు.

ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే రోడ్డులో టీ బంకు దగ్గర దిగి, అర కిలోమీటరు లోపలికి నడిస్తే మా పాలెం వస్తుంది. ముత్తాతల నాటి నుంచీ బాప్టిస్టులం. మిట్ట మీద చర్చి, దాని వెనక వాలులో సమాధుల దొడ్డి. ఆ దొడ్డికి అవతల గుట్టలో నల్లరాయి పడిందని ఒక కాంట్రాక్టరు క్వారీ తెరిచాడు. రాయి మోసే టిప్పర్లు రోడ్డెక్కాలంటే గుట్ట చుట్టూ తిరిగి రావాలి. మా సమాధుల మీదుగా అయితే అడ్డదారి. రెవెన్యూ కాగితాల్లో ఆ జాగా ఉత్త పోరంబోకు. అందులో సమాధులున్నట్టు ఎవరూ ఎక్కడా రాయలేదు. తమ వాళ్లను అక్కడ పెట్టుకున్న ఇళ్లవాళ్లందరూ అభ్యంతరం లేదని సంతకాలు చేస్తే ఆ అడ్డదారి తనదేనని కాంట్రాక్టరు లెక్క.

ఒక్కొక్క ఇల్లే సంతకం పెట్టింది. చివరికి పెట్టనివాళ్లం ఆరిళ్లవాళ్లం మిగిలాం. అప్పట్నుంచీ మమ్మల్ని చుట్టుముట్టారు. మా చేలకు పోయే దారికి అడ్డంగా బండలు దొర్లించారు. మేం చెయ్యెత్తితే ఆటోలు ఆగడం మానేశాయి. ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు కూడా మమ్మల్ని చూసి పాటల పుస్తకంలో తల దూర్చేవారు. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఆ దొడ్డిలో మా తమ్ముడున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, నా చంకలో పెరిగినవాడు, నాకంటే ముందే పోయాడు. వాడి మీదుగా టిప్పరు పోవడం నా కంఠంలో ప్రాణముండగా జరగదని అందరి ముందూ అన్నాను.

చేయాల్సింది ఒకటే. ఆత్మకూరులో ఆర్డీవోకు అర్జీ ఇచ్చి, సర్వే చేయించి, ఆ జాగా సమాధుల దొడ్డి అని రికార్డులో ఎక్కించుకోవాలి. మా సంఘపెద్ద రిటైరైన పోస్టుమేన్, కాగితాల సంగతి తెలిసినవాడు. ఆయన వరండాలో ఆరిళ్లవాళ్లం కూర్చుని గురువారం పోదామని తీర్మానించుకున్నాం. ఏ పనైనా తలపెడితే ముందు దేవుడి పాదాల దగ్గర పెట్టడం మా ఆచారం కాబట్టి బుధవారం సాయంత్రం కూడికలో దాన్ని ప్రార్థనలో పెట్టాం. మైకు మామూలుగానే నా చేతికిచ్చారు. గొంతు అట్లాంటిది.

గురువారం ఆత్మకూరులో బస్సు దిగి ఆఫీసు దగ్గరికి పోతే, వేపచెట్టు కింద కాంట్రాక్టరు తెల్ల జీపు మాకంటే ముందే నిలబడి ఉంది. వాళ్ల గుమస్తా సంతకాల కట్ట చూపించి, ఊరంతా ఒప్పుకున్నారని అప్పటికే నమ్మబలికాడు. ముందు ఊళ్లో ఒక మాట మీదికి రండని మాకు చెప్పి పంపేశారు. రెండోసారి పోయినా అదే జీపు, అదే చెట్టు నీడ. ఇక మూడోసారి సోమవారం పొక్లెయిను వస్తుందని తెలిసి, దానికి అడ్డంగా కూర్చుందామనుకున్నాం. అది ఆదివారమే, మేం ఆరాధనలో ఉండగా వచ్చి మా దొడ్డి కంచె పీకేసి పోయింది.

ఒకసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. మూడుసార్లయ్యాక అనుమానించని టీచరు టీచరే కాదు. మేం వరండాలో అనుకున్నది ఆరిళ్లు దాటి ఎట్లా పోయింది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన సంగతేమో గాని నేను పట్టగలననుకున్నాను.

నా అనుమానం నేరుగా మా మరదలి మీదికి పోయింది. మా తమ్ముడి భార్య, ఆరిళ్లలో ఒక ఇల్లు ఆమెది. వాడు పోయాక జాకెట్లు కుట్టుకుంటూ, ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్న మనిషి. వాళ్ల అన్న ఆ క్వారీలోనే టిప్పరు తోలుతాడు. అంతకంటే రుజువేం కావాలి? ఆడబిడ్డ అర్ధమొగుడన్న సామెత ఊరికే పుట్టలేదు. తమ్ముడు బతికున్నప్పుడు కూడా ఆ పిల్ల వండిన కూరలో ఉప్పు దగ్గర్నుంచి ప్రతిదానికీ నేను వంక పెట్టినదాన్నే. పోయి ఆమె కుట్టు మిషను ముందు నిలబడ్డాను.

“మీ అన్నకు తిరుగుడు తగ్గుతాది గదా, నీకేం పోయింది. నలిగేది మా తమ్ముడు,” అన్నాను.

ఆమె మిషను ఆపింది. చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆ చెవులే చూశాను.

“ఈ దొడ్డి గురించే మా అన్నతో నాకు మాటలు పోయినాయి వదినా. నాలుగు నెలలయింది,” అంది.

నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి ఆమెను వరండాలోకి పిలవనివ్వలేదు. సంఘపెద్ద తటపటాయించాడు గాని నా ధాటికి ఎదురు చెప్పలేదు. ప్రతి శనివారం ఉండే ఉపవాస ప్రార్థనకు ఆ వారం, ఆమె ముఖం చూడటం ఇష్టంలేక నేను పోవడం మానేశాను. అట్లా మానడం నా జీవితంలో అదే మొదలు.

దొంగ ఎవరో నాకు తెలుసు, ఊరికి రుజువు చేయడమే మిగిలింది. అందుకని శుక్రవారమే ఒక వల పన్నాను. సంఘపెద్దను పక్కకు పిలిచి, సోమవారం ఉదయగిరి తహసీల్దారు దగ్గరికి పోతున్నానని చెప్పాను. మా అందరికీ పెద్దదిక్కైన ఎనభయ్యేళ్ల అవ్వతో, మంగళవారం వింజమూరులో లాయరును కలుస్తున్నానన్నాను. మరదలికి మడిచిన చీటీ పంపి, బుధవారం ఆత్మకూరుకు ఒంటరిగా పోతున్నానని తెలిసేట్టు చేశాను. మూడు మాటలూ మూడు చెవుల్లో వేసి, మూడో మనిషికి చెప్పొద్దని ఒట్టు పెట్టాను. జీపు ఎక్కడ కనబడితే అక్కడ దొంగ దొరికినట్టే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం ఉదయగిరిలో దిగాను. తహసీల్దారు ఆఫీసు ఎదురుగా తెల్ల జీపు ఉంది. నలభై ఏళ్లు ఊరి ఉత్తరాలన్నీ విప్పకుండా పంచిన సంఘపెద్ద చేయాల్సిన పనేనా ఇది? మంగళవారం, ఎందుకైనా మంచిదని వింజమూరు పోయాను. లాయరు మెట్ల దగ్గర అదే జీపు. అంటే అవ్వ కూడానా? బుధవారం ఆత్మకూరులో వేపచెట్టు కింద దాన్ని చూసేసరికి నాకు కోపం బదులు నవ్వొచ్చింది. ముగ్గురూ ద్రోహులే అయితే ఇంక ఆరిళ్లలో మిగిలిందెవరు? తిరుగు బస్సులో ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలలేదు.

టీ బంకు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. కూడిక మొదలయ్యే వేళే గాని, నాకు నడిచే ఓపిక లేక ఒక టీ చెప్పి బల్ల మీద కూలబడ్డాను. అవతలి బల్ల మీద క్వారీ గుమస్తా కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను, ముందు టీ గ్లాసు. నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు. బంకామె నా చెవి దగ్గరికి వంగింది.

“ఆయన భక్తి చూడు టీచరమ్మా. బుధవారం, శనివారం ఈడ్నే టీ తాగుతాడు. మీ ప్రార్థన అయిందాకా లేవడు,” అంది.

ఆ మాట పూర్తి కాకముందే మిట్ట మీద మా చర్చి మైకు బూర గరగరలాడింది. వెంటనే మా అవ్వ గొంతు, పక్కనే కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా వచ్చింది. ఎన్నేళ్లుగా ఆ బూర కిందే కూర్చుంటున్నదాన్ని. అది రోడ్డు దాకా ఇంత బాగా వినబడుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

“ప్రభువా, వింజమూరు లాయరు ఏం చెప్పినాడో మా టీచరు నాకింకా చెప్పలా,” అంటోంది అవ్వ. “మళ్లా పోయేటప్పుడు ఆ ఎనిమిదిన్నర బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు ఇప్పించు తండ్రీ.”

గుమస్తా అలవాటు కొద్దీ ఫోనులో ఏదో నొక్కబోయి, నేనున్నానని గుర్తొచ్చి ఆగిపోయాడు.

నాకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. మా ప్రార్థనలు పొడిపొడిగా ఉండవు. ఏ ఊరు, ఏ ఆఫీసు, ఏ బస్సు, అన్నీ విడమరిచి చెప్పకపోతే దేవుడు ఇంకెక్కడికైనా పోతాడేమోనన్నట్టు చెబుతాం. నేను పోని శనివారం కూడికలో ముగ్గురూ నా మూడు ప్రయాణాలనూ ఎవరికి వారే మైకులో ఆయనకు అప్పజెప్పి ఉంటారు. మరి మొదటి మూడుసార్లు? ఆ మైకు పట్టుకుంది ఎవరు? గురువారం పొద్దున ఆత్మకూరు బస్సు టైముకు రావాలని గొంతెత్తి అడిగింది ఎవరు? నా చెవులు కాలిపోయాయి. అద్దం లేదు గాని, ఎంత ఎర్రబడ్డాయో చెప్పగలను.

లేచి పోదామనుకుంటుండగా మరదలి గొంతు వచ్చింది. ఆమె ఎప్పుడూ మెల్లగానే ప్రార్థిస్తుంది. బూర దాన్నీ వదిలిపెట్టలేదు.

“తండ్రీ, ఆత్మకూరు పోయిన మా వదిన ఇంకా రాలా. అన్నం తినిందో లేదో. ఆమెకు నా మీద అనుమానం ఉండాది. దానికి ఆమెను నువ్వేమీ అనుకోవద్దు, తమ్ముడంటే ఆమెకు ప్రాణం. నేను నిన్ను ఇంకేమీ అడగను. ఆయన పక్కన నాకు ఒక మనిషి పట్టే జాగా ఉండాదే, అది మాత్రం పోనీయొద్దు.”

టీ గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఆ జాగా ఇన్నేళ్లూ నాదనుకుంటున్నాను నేను. తమ్ముడి పక్కన నేనే అని మనసులో గీత గీసి పెట్టుకున్నాను. వాడితో పద్నాలుగేళ్లు కాపురం చేసిన మనిషికి కూడా ఆ ఆశ ఉంటుందని ఒక్కసారైనా తోచలేదు. గుమస్తా టీ సగంలో వదిలేసి, నా వైపు చూడకుండా బంకు వెనక నిలిపిన జీపెక్కాడు.

నేను చర్చికి పోయి మొదట చేసిన పని మైకు ప్లగ్గు పీకడం. తర్వాత జరిగింది చెప్పాను. సంఘపెద్ద నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను కదా అని అవ్వను నిలదీశాను.

“నేనెవరికీ చెప్పలా. దేవుడికి చెప్పినా,” అంది అవ్వ. అందులో తప్పేముందో ఆమెకు ఈనాటికీ అర్థం కాలేదు.

అయితే ఈసారి మైకులో తప్పుడు ఊరు చెప్పి జీపును నెల్లూరుకు తిప్పుదామన్నాడు సంఘపెద్ద. నాకు నచ్చింది. దేవుడికి అబద్ధం చెప్పేదానికి తనకు నోరు రాదని అవ్వ కచ్చితంగా చెప్పేసింది. దాంతో నోళ్లు మూసుకుని ప్రార్థించాం. మా పాలెంలో అంత నిశ్శబ్దంగా కూడిక జరగడం అదే మొదటిసారి. శుక్రవారం ఆత్మకూరుకు ఆరిళ్ల మనుషులమూ పోయాం, మరదలు నా పక్క సీట్లోనే కూర్చుంది. వేపచెట్టు కింద ఒక కుక్క తప్ప ఏమీ లేదు. అర్జీ తీసుకున్నారు, చదివారు, ఎన్ని సమాధులని అడిగారు, సర్వేకు రాశారు.

మర్నాడు శనివారం మైకు మళ్లీ పెట్టించి, సౌండు పెంచమన్నాను. ఆమె మీద నా అనుమానం రోడ్డు దాకా పోయింది కాబట్టి, నా తప్పు కూడా అంత దూరం పోవాలి.

“మా గుట్టు బయటపెట్టింది మా మరదలు అనుకున్నాను. ఆమె కాదు. మూడుసార్లూ ఈ మైకులో బస్సు టైముతో సహా చెప్పింది నేను. ఆమెను అన్న మాటలు తప్పు,” అన్నాను. మరదలు తలెత్తలేదు. కూడిక అయ్యాక నా చెప్పులు తెచ్చి మెట్ల దగ్గర పెట్టింది, అంతే.

సర్వేయరు వచ్చిన రోజు, సంతకాలు పెట్టినవాళ్లు కూడా కొందరు వచ్చి తమ వాళ్ల సమాధుల దగ్గర నిలబడ్డారు. వాళ్లను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. దొడ్డికి నాలుగు మూలలా హద్దురాళ్లు పాతారు. కాంట్రాక్టరు టిప్పర్లు ఇవాళ్టికీ గుట్ట చుట్టూ తిరిగే పోతున్నాయి.

అందరూ పోయాక మేమిద్దరం తమ్ముడి సమాధి దగ్గర ఆగాం. ఆ పక్క జాగా నువ్వే తీసుకోమని చెప్పాను. చెప్పడం తేలికగా లేదు, కళ్లు తడిశాయి. మరదలు మెడలో వేలాడుతున్న టేపు తీసింది, జాకెట్ల కొలతలు తీసే టేపు. సమాధికి కుడివైపు కొలిచింది, ఎడమవైపు కొలిచింది, మళ్లీ నా భుజాల వెడల్పు కొలిచింది.

“రెండు పక్కలా పడతాది వదినా. ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను,” అంది. “ఉన్నన్నాళ్లూ మనిద్దరి మధ్యన నలిగినాడు. ఆయనకు అలవాటేలే.”

నేను పకపకా నవ్వి, నవ్వుతూనే ఏడ్చాను. ఆమె టేపు చుట్టి మెడలో వేసుకుంది. ఇద్దరం ఇంటికి నడిచాం.