చెయ్యి చాపిన మారెమ్మ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రుద్రవరం అడవి చెంచు మారెమ్మ, ఆసుపత్రి బెంచీ ఖాళీగా ఉన్నా నేలమీదే గొంతుక్కూర్చునేది. మెడ మీద గడ్డలు నిమ్మకాయలంతైతే నంద్యాల ఆసుపత్రికొచ్చింది. అది రాచపుండు జాతిదని తేల్చిన మద్రాసు డాక్టరు, కొత్త సూదిమందు ఆమెకు వేసి చూడాలని, లోకకల్యాణం గురించి ఇంగ్లీషులో ఉపన్యాసం దంచాడు. కాంపౌండరు చెన్నకేశవులు దాన్నంతా తెలుగు చేశాడు: "చెయ్యి చాపు."

"అంతసేపు మాట్లాడింది ఇంతేనాప్పా? మిగతాది చెప్పు," అంది మారెమ్మ.

చెన్నకేశవులు గొంతు తగ్గించాడు. "మందు కొత్తది. తగ్గచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆయనకూ తెలీదు."

"తగ్గితే మా గూడెపోళ్లకూ ఏస్తారా?"

చెన్నకేశవులు ఆ మాట ఇంగ్లీషులో అడిగితే, డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఏదో గొణిగాడు. "చూద్దామంటాండాడు," అన్నాడు కాంపౌండరు.

"అయితే నేనూ చూస్తా," అని మారెమ్మ చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

మర్నాడు డాక్టరు తెలుగులో ఒకే మాట బట్టీపట్టి వచ్చాడు. "ఏస్తాం."

మారెమ్మ చెయ్యి చాపింది.