పెళ్ళివారి లాంచీ, ఇంజనాయిలు

అక్కయ్య కూతురి పెళ్ళికి నేను రెండు రోజులు ముందుగా వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెళ్ళికూతురి ఊసే లేదు. అందరి నోటా లాంచీ ఇంజనే.

వసిష్ఠ గోదావరి మీద మా బావగారికి సొంత లాంచీ ఉండేది. మగపెళ్ళివారిని అవతలి రేవు నుంచి అందులోనే తీసుకొస్తానని ఆయన నిశ్చితార్థం నాడు నలుగురిలో మాట ఇచ్చేశారు. ఇప్పుడేమో ఆ ఇంజను డీజిలుతో పోటీపడి ఇంజనాయిలు తాగుతోంది. గొట్టం నిండా నీలిపొగ, ఎక్కినవాళ్ళ బట్టల నిండా నూనె తుంపర్లు. సంగతి వియ్యంకుడుగారి దాకా వెళ్ళింది. ఆయన ఫోను చేశారు.

"బావగారూ, మావాళ్ళంతా తెల్లపంచెలండి. మీ లాంచీ దిగాక పెళ్ళికొడుకెవరో, మెకానిక్కెవరో ఎలా పోల్చుకోవాలండి? పోనీ, మేమే ఇంకో లాంచీ మాట్లాడుకుంటాం లెండి."

ఆ 'లెండి' బావగారికి గుచ్చుకుంది. మెకానిక్కును పిలిపిస్తే, రింగులు అరిగాయి, ఇంజను విప్పాలి, విప్పితే పెళ్ళిలోగా బిగించడం నావల్ల కాదండి అని వెళ్ళిపోయాడు. బావగారు ఆ పూట అన్నం దగ్గర కూర్చుని మజ్జిగ తాగి లేచారు. ఆయన మజ్జిగతో లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఆయిలు ఎప్పుడు చూస్తారండీ?" అని అడిగాను.

"పొద్దున్నే స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, నా చేత్తో నేనే చూస్తానయ్యా. ఈ నాలుగు రోజులుగా రోజూ తక్కువే. పస్తుపెడతామా? పోస్తాను."

"ఎంత పోస్తారు?"

"కొలత పుల్ల మీద పై గీత దాకా. ఆ పైన ఇంకొంచెం. మనింటికొచ్చినవాళ్ళకి చాలన్నాక కూడా ఓ గరిటె వెయ్యమా ఏంటి?"

మర్నాడు తెల్లవారగానే ఆయనతో రేవుకు వెళ్ళాను. సముద్రం దగ్గర కావడంతో అక్కడ నదికి ఆటుపోట్లు ఉంటాయి. అప్పుడు నీరు దిగిపోయి ఉంది. కిందటి వరదకు రేవులో కొత్తగా మేట వేయడంతో లాంచీ ముక్కు ఒండ్రు మీదికెక్కి, వెనక భాగం నీళ్ళలోకి జారి ఉంది. ఎక్కబోయి నేనూ వెనక్కి జారి బావగారి పొట్టకు తగులుకుని ఆగాను.

ఆయన ఆయిలు కొలిచే పుల్ల తీసి కళ్ళకద్దుకున్నారు. కొన మాత్రమే తడిసి ఉంది. వెంటనే డబ్బా ఎత్తారు. నేను పట్టుకున్నాను. కాలవ లాకుల దగ్గర నీటిమట్టం కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మట్టం సరిగా లేనిచోట కొలత నమ్మడం నాకు చేతకాదు.

"ఇవాళ దీనికి ఏకాదశి అనుకోండి, బావగారూ."

"పెళ్ళింట్లో ఉపవాసం ఏంటయ్యా! వదులు!"

"నీళ్ళు రానివ్వండి."

ఇద్దరం ఆ డబ్బాకు చెరోవైపు చెయ్యేసి గట్టున కూర్చున్నాం. పోటు వచ్చింది. లాంచీ పడుకున్న గేదెలా ఒళ్ళు విరుచుకుని లేచి, సమంగా నిలబడింది. మళ్ళీ పుల్ల ముంచి తీశాం. ఆయిలు పై గీత దాటి బెత్తెడు పైకి ఉంది!

పుల్ల ఉన్నది ఇంజను ముందువైపు. లాంచీ ముక్కెత్తి పడుకున్నప్పుడు ఆయిలంతా వెనక్కి చేరేది, పుల్లకు అందేది కాదు. ఈయన జాలిపడి రోజూ పోసేవారు. ఎక్కువైన ఆయిలును ఇంజను లోపల చిలికి, కొంత పొగగా, కొంత తుంపర్లుగా బయటికి కక్కేది.

"అంటే నేను దీనికి కుక్కి కుక్కి పెట్టానన్నమాట!" అన్నారు బావగారు. ఇక నవ్వు ఆగలేదు. ఆయన లాంచీ అంచు కొయ్య పట్టుకుని నవ్వారు, నేను కూర్చుండిపోయి నవ్వాను. ఆ రాత్రి అదే తలుచుకుని నవ్వుతూ డైరీ రాశాను, ఆ పేజీలో నా అక్షరాలు ఇప్పటికీ వరస తప్పే ఉన్నాయి.

ఎక్కువైనదంతా తీసేసి ఏటి మధ్యదాకా నడిపాం. మొదట పొగ వచ్చింది. తరువాత పలచబడింది. తిరుగు దారిలో వెతుక్కుంటే గానీ కనబడలేదు. మెకానిక్కు కూడా వచ్చి చూసి, "రింగులు కాస్త అరిగిన మాట నిజమేనండి, పెళ్ళికి మాత్రం ఢోకా లేదు," అన్నాడు.

పెళ్ళినాడు వియ్యంకుడుగారు నమ్మీ నమ్మక లాంచీ ఎక్కారు, పంచె మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని. నడి ఏటిలో బావగారికి ఆవేశం వచ్చింది. మెడలోని కొత్త కండువా తీసి పొగగొట్టం మీద పట్టి, "చూడండి బావగారూ, మసెక్కడుందో!" అని వియ్యంకుడుగారి ముందు పరిచారు. సరిగ్గా మధ్యలో, పావలా అంత నల్లటి మచ్చ.

వియ్యంకుడుగారు మచ్చను తీరిగ్గా చూశారు. తరువాత ఎత్తిపట్టిన పంచె వదిలేసి, ఆ మసిని వేలితో తీసి బావగారి బుగ్గన పెట్టారు.

"ఇంత మంచి లాంచీ ఉన్నవారికి దిష్టిచుక్క ఉండాలండి!"

సన్నాయివాళ్ళు ఎవరూ చెప్పకుండానే వాయించడం మొదలుపెట్టారు. బావగారు ఆ చుక్కతోనే కన్యాదానం చేశారు.